గాలి తీసేసి దింపిన విమానం

మొన్న విశాఖపట్నంలో హస్తకళల ప్రదర్శనకి వెళ్ళాం. ఏటికొప్పాక నుంచి వచ్చిన ఒకాయన చిన్న యంత్రం మీద కర్రముక్క తిప్పుతూ దానికి ఎర్రలక్క పట్టిస్తున్నాడు. తిరిగే కర్రకి ఒరుసుకుని లక్క వేడెక్కినప్పుడు ఒక వాసన వస్తుంది, తియ్యగానూ ఉంటుంది, కాస్త మాడినట్టూ ఉంటుంది. ఆ వాసన ముక్కుకి తగిలిందో లేదో నా కుడిచెయ్యి దానంతటదే బిగుసుకుపోయింది. "ఏమైంది, తిమ్మిరా?" అన్నారు మా ఆయన. తిమ్మిరి కాదు. నా చేతికి ఫైటర్ జెట్ గుర్తొచ్చింది. నవ్వకండి. నేను విమానాన్ని ఆకాశంలో చూడటమే తప్ప దగ్గర్నుంచి చూసిన పాపాన పోలేదు. అయినా నర్సీపట్నంలో ఒక మేడమీద, కంప్యూటర్ ముందు కూర్చుని కొన్ని వందలసార్లు జెట్ విమానాన్ని నేలకేసి కొట్టాను. నా చేత ఆ పని చేయించినాయన పేరు సన్యాసిరావు మాస్టారు.

తొంభైల చివర్లో మాట. డిగ్రీ రెండో ఏడు తప్పి, రోలుగుంటలో మా ఇంట్లో కూర్చుని జీడిపిక్కలు ఒలుస్తూ అందరిమీదా విసుక్కుంటున్న రోజులు. నా పేరు నూకరత్నం. పేరంటే మంట, పరీక్షలంటే మంట, ఎవరైనా "ఏటమ్మా, మరేటి సేస్తావు?" అని అడిగితే ఇంకా మంట. మా నాన్న నా గొడవ పడలేక కంప్యూటర్ నేర్చుకోమని నర్సీపట్నం పంపించాడు. అబీద్ సెంటర్ దాటాక ఒక మేడమీద రెండు గదుల్లో మాస్టారి సెంటరు, వెనక వాటాలో ఆయన, ఆయన భార్య పార్వతమ్మగారు. ఆయన ఇరవై ఏళ్ళు ఎక్కడో ఉత్తరాదిన మిలిటరీ విమానాల దగ్గర పనిచేసి వచ్చారు. అందుకని ఊళ్ళో అందరూ ఆయన్ని పైలట్ అనుకునేవారు. ఆయన అవుననలేదు, కాదనలేదు. సన్నగా, నిటారుగా, చొక్కా ఎప్పుడూ లోపలికి దోపుకుని ఉండేవారు. రెండు నిమిషాలు ఆలస్యమైతే గోడ గడియారం వైపు చూసేవారు, అంతే. ఆ చూపు కన్నా తిట్టినా బాగుండేది.

మూడు కంప్యూటర్లలో మూలనున్నది ఎవరినీ ముట్టుకోనిచ్చేవారు కాదు. దానికి ఒక జాయ్‌స్టిక్ ఉండేది. ప్లాస్టిక్ పిడి విరిగిపోతే ఏటికొప్పాకలో ఎవరిచేతో కర్రపిడి చేయించి బిగించారు, ఎర్రలక్కతో నున్నగా మెరిసిపోయేది. ఒకరోజు నా టైపింగ్ అయిపోయాక అది ఏమిటని అడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "కూకో" అన్నారు. తెరమీద ఆకాశం, కింద సన్నగా బూడిదరంగు గీత. "ఆ గీత రన్‌వే. దాని మీద దించు. తొందరపడకు, ముక్కు దించీకు, సివర్లో కాస్తంత ముక్కెత్తి సెక్రాలు ఆనించు." ఇంతేనా అనుకున్నాను. అర నిమిషంలో తెర అంతా ఎర్రగా అయిపోయింది. నేను కిసుక్కున నవ్వాను. ఆయన నవ్వలేదు.

"సచ్చిపోనావు. లెగు" అన్నారు.

"మాస్టారూ?"

"సచ్చిపోనావమ్మా. అలాగే కూకుంటే ఎలాగ? బయట బకెట్టుంది. కాల్లు కడుక్కోని రా."

 మా వైపు చావింటికి వెళ్ళొచ్చినవాళ్ళు కాళ్ళు కడుక్కోకుండా గడప దాటరు. అది తెలుసు. కానీ పోయింది నేనేనని, నేనే వెళ్ళి కడుక్కోవాలని చెప్పినవాడు అంతకుముందూ లేడు, ఆ తర్వాతా లేడు. కోపమొచ్చింది, వెళ్ళిపోదామనుకున్నాను. కానీ ఆయన ముఖంలో వేళాకోళం లేదు. వెళ్ళి చెంబెడు నీళ్ళు పోసుకుని వచ్చాను. "ఆటలో సస్తే ఏటీ అవ్వదనుకున్నావనుకో, రెండోసారీ అలాగే దిగుతావు" అన్నారు. ఆ సాయంత్రం పదకొండుసార్లు చచ్చాను. పదకొండుసార్లూ కడుక్కున్నాను.

దీనివల్ల జరిగిన చోద్యం ఒకటి చెప్పాలి. ఎదురు మేడమీద బట్టలారేసుకునే ముసలావిడ వారంపాటు నన్ను గమనించింది. గుమ్మం బయటికి రావడం, కాళ్ళు కడుక్కోవడం, లోపలికి వెళ్ళడం, మళ్ళీ రావడం. ఒకరోజు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మెట్లెక్కి వచ్చి, "ఓలమ్మో, పార్వతమ్మా! ఎవులు పోయేరే తల్లీ? ఒక్కమాటైనా సెప్పలేదు!" అని శోకం ఎత్తుకుంది. వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చిన పార్వతమ్మగారికి ఏమీ అర్థం కాక ఆవిడా ఏడవబోయారు. మాస్టారు తాపీగా బయటికొచ్చి, "ఎవులూ పోలేదు పిన్నీ. ఈ పిల్లే, రోజుకి పదిసార్లు" అన్నారు. ఆ ముసలావిడ నావైపు చూసిన చూపు జన్మలో మర్చిపోను. తర్వాత నేను ఎదురైతే పక్కకి తప్పుకుని నడిచేది.

రెండు నెలల్లో నాకు దించడం వచ్చేసింది. నిజంగా వచ్చేసింది. వేగం చూసుకోవడం, గాలి ఏ పక్కనుంచి కొడితే ముక్కు ఆ పక్కకి కాస్త తిప్పి ఉంచడం, చక్రాలు తగిలే ముందు మళ్ళీ తిన్నగా చేయడం, అన్నీ. పరీక్ష తప్పిన నూకరత్నం ఒక పని చేయగలదని మొదటిసారి తెలిసిన రోజులవి. నెమ్మదిగా ఎగిరినప్పుడు చేతిలో పిడి ఎంత మొద్దుబారుతుందో, గాలి ఎలా తోస్తుందో ఆయన ఓపిగ్గా చెప్పేవారు. ఒక్కటే వింత. ఆయన ఎప్పుడూ ఆ పిడి ముట్టుకోలేదు. నా వెనక నిలబడి చూసేవారు, చేతులు వెనక్కి కట్టుకుని.

అప్పుడు ఆయన ఇంకో ఫైలు తెరిచారు. అందులో విమానం అప్పటికే రన్‌వేకి బాగా దగ్గరకొచ్చేసి ఉంది. ఉండాల్సిన దానికన్నా కిందికి ఉంది, వేగం తగ్గిపోతోంది, ఎడమనుంచి పెద్దగాలి. నేలకి తగలడానికి ఇరవై సెకన్లు కూడా లేవు. "ఇక్కణ్ణించి దించు" అన్నారు. నేను చూసీ చూడగానే ఇంజను వేగం మొత్తం పెంచి విమానాన్ని పైకి లేపేశాను. ఎంతో సులువుగా లేచింది. "ఒక చుట్టు తిరిగొచ్చి శుభ్రంగా దించుతాను మాస్టారూ" అన్నాను గొప్పగా.  వెనక్కి తిరిగితే ఆయన ముఖం పాలిపోయి ఉంది. కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డారు.

"లేపకూడదు" అన్నారు. "ఇంకెప్పుడూ లేపకు. ఇక్కణ్ణించే దిగాల."

దిగలేదు. రోజూ దిగలేదు. రన్‌వేకి ముందే నేలను తాకేది, లేకపోతే ఎడమ రెక్క కొట్టుకునేది. నా కాళ్ళు నీళ్ళలో నాని వేళ్ళ సందులు ఒరిసిపోయాయి. ఇంటికెళ్తే మా అమ్మ, "కంప్యూటరు సదువుతున్నావా, ఊడుపులకెల్తున్నావా?" అనేది. మాస్టారు మాత్రం రోజురోజుకీ ఆత్రపడిపోతున్నారు. దీపావళి మూడు రోజులుందనగా ఆయన లోపలికి మంచినీళ్ళకి వెళ్ళినప్పుడు నాకు చిర్రెత్తుకొచ్చింది. సెట్టింగుల్లో గాలి ఎంత ఉండాలో ఒక గడి ఉంటుంది. దాన్ని సున్నా చేసేశాను. నా ఉద్దేశం ఒక్కటే, ఆ పూటకి కాళ్ళు కడుక్కోకుండా ఇంటికిపోవడం. ఆయన వచ్చి నా వెనక నిలబడ్డారు. నేను ముక్కెత్తాను, చక్రాలు రన్‌వే అంచుమీద తగిలి ఒక్క గెంతు గెంతాయి, విమానం జారుకుంటూ పోయి ఆగింది.

నేను చప్పట్లు కొట్టబోయి ఆగిపోయాను. యాభై ఏళ్ళు దాటిన ఆ మనిషి నేలమీద చతికిలబడి, మోకాళ్ళమీద తల పెట్టుకుని ఏడుస్తున్నారు.  మగవాళ్ళు అలా ఏడవడం నేనెరగను. పార్వతమ్మగారిని పిలవబోతే వద్దని చెయ్యి ఊపారు. తర్వాత చొక్కాజేబులోంచి ఒక కవరు తీశారు. దానికి స్టాంపులు కూడా అంటించి ఉన్నాయి. నా కళ్ళముందే దాన్ని నాలుగు ముక్కలు చేసేశారు.

"నేను పైలట్ని కాదు రత్నం" అన్నారు.

ఆయన చెప్పింది ఇది. రన్‌వే మొదట్లో ఒక గాజుగది ఉండేదట. అందులో కూర్చుని, దిగే ప్రతి విమానాన్నీ బైనాక్యులర్స్‌లో చూడటం ఆయన పని. ఏదైనా తేడా కనిపిస్తే పిస్తోలుతో ఆకాశంలోకి ఎర్రమంట పేల్చాలి. అది చూస్తే ఎంత పెద్ద ఆఫీసరైనా దిగడం మానుకుని పైకి లేపేయాల్సిందే. ఒకసారి అనుమానం వచ్చి ఒక పెద్ద ఆఫీసరు విమానానికి పేల్చారు. చూస్తే అంతా బాగానే ఉంది. అందరిముందూ తిట్లు తిని, రెండు గంటలు ఎండలో మైదానం చుట్టూ పరుగెత్తారు. అది జరిగిన రెండు వారాలకి ఒక కుర్రాడి విమానం అలాగే, అంత కిందుగా వచ్చింది. "పిస్తోలు సేతిలోనే ఉందమ్మా. యేలు కూడా ఏసేను. మల్లీ తిడతారేమో, దిగిపోతాడులే అనుకున్నాను." ఆ కుర్రాడు దిగలేదు. విచారణలో ఏం చూశావని అడిగితే ఈయన, "అంతా సవ్యంగానే ఉంది" అన్నారు. పైలట్ పొరపాటని రాసేశారు.

 ఆ విమానాన్ని పైకి లేపడం ఎంత సులువో ఆ ఊళ్ళో నాకే తెలుసు. నా ఈ చేత్తో లేపాను.

"పన్నెండేళ్ళయింది" అన్నారు ఆయన. అక్కణ్ణించి దిగడం ఎవరివల్లా కాదని తేలితే తను అబద్ధం చెప్పినట్టు, ఆ కుర్రాణ్ణి తనే చంపినట్టు. దిగొచ్చని తేలితే తను చెప్పింది నిజమే. అది తేల్చుకోవడానికే ఆ కంప్యూటరు, ఆ పిడి, నేను. దీపావళిలోగా ఎవరూ దింపలేకపోతే ఆ కుర్రాడి తల్లిదండ్రులకి జరిగింది రాసిన ఆ ఉత్తరం పోస్టు చేసేస్తానని ఒట్టేసుకున్నారట. "నువ్వు దింపీసినావు. నన్ను బతికించీసినావు తల్లీ."

గాలి సంగతి నా నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చి ఆగిపోయింది. ఎందుకు చెప్పలేదని అప్పట్నుంచీ నన్ను నేను ఎన్నిసార్లు నిలదీసుకున్నానో లెక్కలేదు. మర్నాడు వెళ్తే పార్వతమ్మగారు నా రెండు చేతులూ పట్టుకుని, "ఏటి సేసేవో నాకు తెల్దు గానీ, ఆయన ఇయ్యాల పొద్దెక్కేదాకా నిద్దరోయేరమ్మా. ఇన్నేల్లలో ఎప్పుడూ సూల్లేదు" అన్నారు. నోరు ఇంకా గట్టిగా మూసుకుపోయింది. దీపావళికి మాస్టారు అందరికీ జిలేబీ పంచారు. కొత్త బ్యాచ్ పిల్లలతో జోకులు వేశారు. ఆయనకి జోకులు వచ్చని అప్పుడే తెలిసింది. నా వంతు జిలేబీ తినకుండా మా అమ్మకిచ్చేశాను.

పండగైన నాలుగోరోజున ఆయన మాటల్లో మాటగా, "పాపం ఆ కుర్రాడే కంగారుపడిపోయినాడు. దిగగలిగిందే. తప్పు ఆడిదేనని ఇప్పుడు గట్టిగా సెప్పగల్ను" అన్నారు.  ఎక్కడో ఎప్పుడో చనిపోయిన మనిషి. మొహమైనా తెలియదు. నేను కాళ్ళు కడుక్కోవడానికి బద్ధకించినందుకు తప్పు మళ్ళీ వాడి నెత్తినే పడింది.

"గాలి లేదు మాస్టారూ" అన్నాను.

"ఏటి?"

"ఆరోజు గాలి సున్నా చేసేశాను. మీరు మంచినీళ్ళకి వెళ్ళినప్పుడు. గాలి ఉంటే దిగలేదు మాస్టారూ. ఒక్కసారి కూడా దిగలేదు."

కొడతారనుకున్నాను. కొట్టినా బాగుండేది.  ఆయన ముఖంలో ఉన్న రంగంతా దిగిపోవడం కళ్ళారా చూశాను. ఆఖరికి, "గాలి పెట్టు. మల్లీ సూద్దాం" అన్నారు. పందొమ్మిది రోజులు ఎగిరాను. ఈసారి చచ్చినప్పుడల్లా కడుక్కోమని ఆయన చెప్పనక్కర్లేకపోయింది. నేను లేచి వెళ్తుంటే ఆయనా లేచి నాతోపాటు వచ్చి కాళ్ళు కడుక్కునేవారు. దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను, ఒక్కసారి దింపు స్వామీ అని. దిగలేదు. ఇరవయ్యో రోజున ఆయన కంప్యూటరు కట్టేసి, తెల్లకాగితం తీసుకుని మళ్ళీ ఉత్తరం రాశారు. ఎర్రమంట పేల్చలేదని, చేతిలో పిస్తోలు ఉందని, విచారణలో అబద్ధం చెప్పానని, మీ అబ్బాయి తప్పు లేదని. పోస్టాఫీసుకి ఇద్దరం నడిచి వెళ్ళాం. డబ్బాలో వేసేటప్పుడు ఆయన చేతిని నేను పట్టుకున్నాను.

నెలా నెలన్నర తర్వాత జవాబు వచ్చింది. హిందీలో ఉంది. ఆయన ముందు మనసులో చదువుకున్నారు, తర్వాత నాకు తెలుగులో చెప్పారు. రాసింది ఆ పైలట్ తల్లి. తిట్టలేదావిడ. నిజం చెప్పినందుకు దండాలు పెట్టింది. తన భర్త కూడా ఆ విమానాల దగ్గరే పనిచేశారనీ, అబ్బాయి తొందరపడి ప్రాణాలు పోగొట్టుకున్నాడని వాడి ఫోటో గోడకి పెట్టనివ్వలేదనీ, ఇప్పుడు పెట్టుకున్నాననీ రాసింది. చివరి వాక్యం ఇది. "మీ ఉత్తరం వచ్చేసరికి మావారు పోయి పదకొండు రోజులు."

  దీపావళి దగ్గర్నుంచి లెక్కపెట్టాను. నేను ఆ గడిలో సున్నా కొట్టకపోయి ఉంటే ఆ మొదటి ఉత్తరం పండగనాడే పోస్టులో పడేది. ఆ ముసలాయన బతికుండగా చేరేది. ఆయన తన చేత్తో కొడుకు ఫోటో గోడకి పెట్టుకుని ఉండేవాడు. నేను పెద్దగా ఏడ్చేశాను. మాస్టారు ఉత్తరం మడతపెట్టి, నా నెత్తిమీద చెయ్యి వేసి, "ఊరుకో. నా పన్నెండేళ్ళ ముందర నీ ఇరవై మూడు రోజులెంతమ్మా" అన్నారు. ఓదార్చడానికే అన్నారు. కానీ నేనింకా లెక్క పైకి చెప్పలేదు. ఆయన అప్పటికే లెక్కపెట్టేశారన్నమాట.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. నేను ఆ మరుసటి ఏడు ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో చేరి, రక్తపరీక్షల పనిలో పడ్డాను. ఈ పనిలో ఎర్రమంట అంటూ ఉండదు, టెలిఫోనే. తేడా అనిపిస్తే చాలు, ఎత్తుతాను. పదింటిలో తొమ్మిదిసార్లు ఏమీ ఉండదు. "మళ్ళీ నువ్వేనా తల్లీ!" అని విసుక్కుంటారు, కొందరు ఇంకా పెద్ద మాటలే అంటారు. తోటివాళ్ళు నన్ను భయస్తురాలంటారు. అననీ. పోయిన వారం ఒక పెద్దాయన బ్లడ్ గ్రూపు రిపోర్టు పంపేశాక ఎందుకో చెయ్యి ఆడలేదు. వెనక్కి వెళ్ళి చూసుకుంటే రెండు ట్యూబులకి చీటీలు తారుమారు చేసింది నేనే. ఎవరికీ తెలియదు. అప్పటికే వార్డులో రక్తం ఎక్కించడానికి సిద్ధం చేస్తున్నారు.  ఉద్యోగం పోతుందనుకున్నాను, పరువు పోతుందనుకున్నాను. ఇవన్నీ అనుకుంటూనే నంబరు నొక్కేశాను. అవతల డాక్టరుగారు ఎత్తి హలో అనేలోపే నా నోట్లోంచి మాట వచ్చేసింది.

"ఆపండి సార్. తప్పు నాది."